మదీనా బోర్డుకు ఇవతల

మొన్న కడప నుంచి ఫోన్ వచ్చింది. సౌదీలోని రాబిగ్‌లో మా కంపెనీ ట్రక్కు నడిపిన డ్రైవర్ భాయ్ ఇక లేరని ఆయన కొడుకు చెప్పాడు. ఆదరణ కోసం బైబిలు తెరిచాను. అంచున ఎప్పుడో సిరాతో రాసుకున్న హెబ్రీ మాట దగ్గర వేలు ఆగిపోయింది. ఖేరెం.

సహోదరులారా, ఆ మాటను నేను కర్రలా తిప్పిన రోజులున్నాయి. గల్ఫ్ యుద్ధం నడుస్తోంది. క్షిపణులు ఎక్కడో దూరాన పడుతున్నా, భయం మా క్యాంపు దాకా వచ్చింది. శుక్రవారాలు మా గదిలో ఆరుగురం ప్రార్థనకు కూర్చునేవాళ్లం. ఒకరోజు వారిలో జగిత్యాల నుంచి వచ్చిన కుర్ర మేస్త్రీ చేతికి తాయెత్తు కనిపించింది. మండిపోయి, తెంపెయ్ అన్నాను.

"లడాయి అని భయపడి మా అవ్వ పంపిందన్నా. తెంపను," అన్నాడు. అవ్వంటే వాళ్ల వైపు అమ్మే.

నేను పదకోశం నుంచి ఎత్తి రాసుకున్న కాగితాలతో సొంతంగా హెబ్రీ నేర్చుకుంటున్న కాలమది. ఖేరెం అంటే నిషేధం, వెలి అని చదివాను. ఇంకేం, అతనితో ఎవరూ ఒకే పళ్లెంలో తినకూడదని తీర్పు చెప్పాను. అతను గోడవైపు తిరిగి ఒంటరిగా తినసాగాడు. మూడోనాడు డ్రైవర్ భాయ్ తన ప్లేటు తెచ్చుకుని అతని పక్కన చేరారు.

"నీకు తీర్పుండాది ఫాదరూ, నాకు ఆకలుండాది," అన్నారు నవ్వుతూ.

ఆ వారమే మదీనాకు సరుకు వేసుకుని భాయ్, నేను, ఆ మేస్త్రీ ముగ్గురం బయలుదేరాం. ముస్లింలకు మాత్రమే అన్న బోర్డు ముందు, టీ దుకాణం దగ్గర ఎప్పటిలాగే భాయ్ మా ఇద్దరినీ దింపారు.

"నీ ఖేరెమూ మా హరామూ ఒకింటి మాటలేనప్పా. ఆ బోర్డు అవతలుండేదాన్ని హరమ్ అంటాం. చెడ్డదనా నిన్ను ఆపేది? మాకు అంత పవిత్రమని. ఆ పిల్లోని చేతికుండేది వాళ్లమ్మ ప్రాణం. దాని మీద చెయ్యెయ్యొద్దు. నేనొచ్చేలోపల ఇద్దరూ ఒక ప్లేట్లో తినండి. లేదంటే రాబిగ్‌కు నడిచి పోండి!"

ట్రక్కు కదిలింది. జేబులోని ఖేరెం కాగితం తీసి చూశాను. దేవునికని ప్రత్యేకించినది, మనిషి చెయ్యి పడరానిది అని మొదటి వరుసలోనే ఉంది. వెలి అన్నది దాని కింద. పై వరుస నేను చదవనే లేదు. కింది వరుసే నా కోపానికి పనికొచ్చింది.

రొట్టె తుంచి అతని ముందు పెట్టాను.

"తాయెత్తు చెయ్యితోనే తినాల్నా అన్నా?" అన్నాడు కొంటెగా.

"ముందు తినరా బాబూ," అన్నాను.

ఆ తర్వాత ఎన్నో వేదికల మీద గొంతు చించుకుని బోధించాను. ఎవరినీ పళ్లెం దగ్గర నుంచి మాత్రం లేపలేదు. నా విశ్వాసం నాది, భాయ్ విశ్వాసం భాయ్‌ది. ఆయన చెప్పింది మాత్రం ఇద్దరికీ చెందింది.

ఫోన్ వచ్చినప్పటి నుంచి కళ్లు మూస్తే అదే దారి. కిటికీలోంచి చెయ్యి ఊపుతూ బోర్డు దాటి వెళ్లిపోయారు భాయ్. ఇవతల మేమిద్దరం, ఆయన వాటా రొట్టె మీద కాగితం కప్పి, ట్రక్కు రేపిన దుమ్ము వైపు చూస్తూ కూర్చున్నాం.