ఘాట్ ఎక్కే ముందు గుప్పెడన్నం

ఈ మధ్యాహ్నం డబ్బా మూత తీయగానే ములగాకు కూరలో వేగిన వెల్లుల్లి వాసన, వేడెక్కిన ఇంజను వాసన కలిసి ముక్కుకు తగిలాయి. అప్పలస్వామి గురువు గుర్తొచ్చాడు. సాలూరులో నాకు లారీ నేర్పినవాడు ఆయన. లారీ ఎవరైనా నేర్పుతారు గానీ నాకు అన్నం తినడం నేర్పింది కూడా ఆయనే.

గురువుకి షుగరు. సరుకు ఎంత అర్జంటైనా పన్నెండున్నరకి లారీ పక్కకు పెట్టి డబ్బా విప్పేవాడు. గుప్పెడన్నం, రెండు గుప్పెళ్ళ కూర, ఉడకబెట్టిన ఉలవలు, మజ్జిగ. హోటల్లో మేం బిర్యానీలు లాగిస్తుంటే తన డబ్బాతో మా పక్కనే కూర్చునేవాడు. మండువేసవిలో కూడా బూట్లు విప్పేవాడు కాదు. చొక్కా జేబులో మాత్రం, అగ్గిపెట్టెలో ఓ బెల్లం ముక్క ఉండేది. "పైకి పథ్యం, జేబులో బెల్లం" అని అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసింది నేనే. నా నోరు అలాంటిది. ఆయన మాత్రం "నవ్వుకోండ్రా, నాకేటి" అనేవాడు.

నలభై దాటకముందే నాకూ షుగరు వచ్చింది. స్టీరింగ్ చేతిలోంచి పోతుందన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. మా డ్రైవర్లకి ఒక పట్టింపు ఉంది. కడుపు నిండితే నిద్ర ముంచుకొస్తుందని ఘాట్ ఎక్కే ముందు ఏమీ తినం. ఓ రోజు గురువూ నేనూ ఒకే లారీలో ఒడిశాకి లోడు తీసుకెళ్తున్నాం. పొద్దున్నే మాత్ర మింగి, టిఫిను మానేసి నేనే స్టీరింగ్ పట్టాను. ఘాట్‌లో రెండో మలుపు దగ్గర చేతులు వణికాయి. ఒళ్ళంతా చెమట పట్టింది. ఎదురుగా వస్తున్న బస్సు రెండుగా కనిపించింది.

"ఒరే, ఆపు! పక్కకి తీసి ఆపు!" అని అరిచాడు గురువు. ఎలా ఆపానో తెలియదు. నా మొహం చూడగానే సంగతి కనిపెట్టి, జేబులోంచి అగ్గిపెట్టె తీసి, బెల్లం నా నోట్లో కుక్కాడు.

"మాత్తరేసుకున్నావేటి?"

తలూపాను.

"తిన్నావా?"

"నేదు గురువా. నిద్దరొస్తాదని..."

"మాత్తరేసి తిండి మానేస్తే షుగరు పడిపోయి సావొస్తాదిరా! పత్తెమంటే పస్తనుకున్నావేటి? ఏలకి తినాల, కొలిసి తినాల."

వణుకు తగ్గాక తన డబ్బాలో సగం నాకు పెట్టాడు. తర్వాత వంగి, కుడికాలి బూటు విప్పాడు. రెండు వేళ్ళు లేవు.

"నీ వయసులో నాకెవులూ సెప్పనేదు. సెప్పినా ఇనుందునా ఏటి! పుండు పడితే సెప్పు కరిసిందనుకున్నాను. నువ్వు రోజూ కాళ్ళు సూసుకోరా."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆ బెల్లం మీద నేను వేసిన జోకులన్నీ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఆయన మాత్రం "అన్నం సల్లారిపోతన్నాది, తిను" అన్నాడు.

గురువు పోయి రెండేళ్ళయింది. నా డబ్బాలో ఇప్పటికీ ఆయన కొలతే, నా జేబులో ఆయన బెల్లమే. పన్నెండున్నరకి లారీ ఆపితే ఓనరు ఫోన్లో అరుస్తాడు. అరవనీ. తినే ముందు చెప్పులు విప్పి, కాలివేళ్ళు లెక్కపెట్టుకుంటాను. ఇవాళా లెక్కపెట్టాను.

పదీ ఉన్నాయి, గురువా.