గాలికి ముక్కు కట్టిన బండి

1936, తమిళుల ఆడి నెల, ఎదురుగాలుల కాలం. విరుదునగరంలో నాకొక మోటారు షెడ్డు. ఆడిగాలి ఎదురుకొడితే పాత కార్లు కోవిల్‌పట్టి దోవలో ఎద్దుల్లా మొరాయించేవి.

ఒకనాడు సుబ్బ నాయకర్ తన గుడ్డటాపు కారు తెచ్చినాడు. వెనకసీట్లో, తెర చాటున, ఆయన తల్లి.

"ఏమప్పా, అమ్మకు కోవిల్‌పట్టిలో కూతుర్ని చూడాల. బస్సు తోపులాట తాళలేదు. ఈ తూరి దోవలో నిలిస్తే బండిని అమ్మేస్తా."

"అమ్మితే నేను బిడ్డను చూసినట్టే!" అన్నది తెర వెనక అవ్వ.

ఏరోడైనమిక్స్ అని ఇప్పుడంటారే, గాలిని గుద్దకుండా పక్కకు జార్చే విద్య, అది ఆ జిల్లాలో మొదట చేసింది నేనే. కిరసనాయిలు డబ్బాలు విప్పి, బండి ముందర పడవముక్కులా రేకు కట్టినాను. నిలువు అద్దాన్ని వెనక్కి వాల్చినాను. మిగిలింది టాపు, తెరలు. మా తమిళ పనివాడు మాడసామికి నా కలగూర భాషలో "వండి, గాలిక్కి సరి పణ్ణు", అంటే బండిని గాలికి తగ్గట్టు సరిచెయ్యి, అని చెప్పి, కాఫీకి పోతిని.

వచ్చి చూస్తే టాపు లేదు, తెరలు లేవు, వెనకసీటూ లేదు! అవ్వ నేలమీద నిలబడుంది.

"సీటెందుకు పీకినావురా?" అని మాడసామిని అడిగితిని.

"మీరే కదా అన్నాచ్చి, వండియ గాలి పణ్ణు అన్నీంగ!"

తమిళంలో గాలి అంటే ఖాళీ. వాడు బండిని ఖాళీ చేసినాడు. మళ్లీ బిగిస్తే పొద్దుగూకుతుంది. అవ్వను ముందర, కొడుకు పక్కనే కూర్చోబెట్టి, నేను వెనక గోనెసంచి మీద కూలబడితిని.

అరవై మైళ్ల వేగంతో పోయినాం. సరే, నలభై. అసలు ఆ బండికి మీటరే పనిచేయదు, ఎద్దుబండ్లను మాత్రం దాటినాం. నా రేకు ముక్కు సాత్తూరు రాకముందే ఊడి నల్లరేగడిలో పడింది. బండిని నిలవకుండా చేర్చింది మాడసామి తగ్గించిన బరువే.

కోవిల్‌పట్టి కనబడగానే అవ్వ కొడుకు చెయ్యి పట్టుకున్నది. "మెల్లగా పోరా. ఇన్ని తూర్లు వచ్చినా ఊరు ఎదురు రావడం ఇప్పుడే చూస్తిని."

నాయకర్ వేగం తగ్గించి, "బండి అమ్మనులేమ్మా" అన్నాడు.

అప్పటినుంచి ఎవరు బండి తెచ్చినా, ఎంత వేగం కావాలని నేను మొదట అడగలేదు. ఎవరెక్కడ కూర్చుంటారని అడిగేవాణ్ణి.