అమ్మవారి పెట్టెలో డ్రైవు

మా అంగడికి వచ్చేవాళ్లలో సగం మంది కొనడానికి రారు. ఎందుకు కొనడం లేదో చెప్పిపోవడానికి వస్తారు. తిరుపతి బస్టాండు వెనక సందులో కంప్యూటర్లు బాగుచేసే చిన్న అంగడి నాది. లెక్కల అయ్యవారికీ నాకూ పొసగక తొమ్మిదో తరగతిలోనే విడిపోయాం. కోర్టు ఖర్చులు కూడా కాలేదు. ఆ తర్వాత నేర్చుకున్నదంతా విప్పి, చూసి, మళ్లీ బిగించి నేర్చుకున్నదే. బిగించాక ఒకటి రెండు మరలు చేతిలో మిగిలిపోయిన రోజులూ లేకపోలేదు.

కొననివాళ్లందరికీ పెద్ద నా స్నేహితుడు. పెళ్లిళ్లకు, జాతర్లకు వీడియో తీస్తాడు. సొంతూరు చిత్తూరు దాటి తమిళనాడు వైపు పోయే దారిలో ఒక పల్లె. వారానికొకసారి వచ్చి, నా కుర్చీలో కూర్చుని, నన్ను నిలబెట్టి, వీడియోలు దాచే డ్రైవుల్లో రాబోయే కొత్తవాటి గురించి చెబుతాడు.

"ఆగు మచ్చా, ఇప్పుడు కొనేవాడు ఎర్రోడు. ఐదు బిట్ల ఫ్లాష్ వస్తా ఉండాది. వెయ్యి అంతస్తులు కడతారంట. అది దిగిందంటే నీ అద్దాల బీరువాలో ఉండేటివన్నీ చిల్లపెంకులే."

"యాడ సూసినావు?"

"ఫోన్లో."

"ఆ ఫోన్లోనే కదా నిన్న వాన వస్తాదని సూసినావు. గొడుగు పట్టుకోని ఎండలో వచ్చినావు."

ఎగతాళి చేశానే గానీ, ఆ మాటలు నాకూ ఇష్టమే. డ్రైవులో ఏం జరుగుతుందో నాకు మొదట అర్థమైంది కొండమీద, దర్శనం క్యూలో. ఒక గదిలో కూర్చోబెట్టి తాళం వేశారు. ఒకాయన కిటికీలోంచి తొంగిచూసి లోపల ఎందరున్నారో అంచనా వేసుకుని పోయాడు. ఫ్లాష్ కూడా అంతే. కోట్ల కొద్దీ చిన్న గదులు, గదిలో కాస్త కరెంటు బందీ. లోపల జనం ఉన్నారా లేరా అని మాత్రమే చూసే పాతకాలపు ఫ్లాష్ పొరపాటు పడటం కష్టం. గదికి నాలుగు బిట్లు దాచేదైతే కిటికీలోంచి చూసి, పదహారు రకాల రద్దీలో ఇది ఏ రకమో చెప్పాలి. ఐదు బిట్లదైతే ముప్పై రెండు రకాలు. గది అదే, గోడలు అవే. గోడ సందులోంచి నలుగురు జారుకుంటే చాలు, లెక్క తప్పుతుంది. జారుకుంటారు కూడా. కరెంటు ఇవ్వకుండా ఏళ్ల తరబడి పక్కన పడేస్తే, అందులోనూ మన ఎండలకు, మెల్లమెల్లగా జారుకుంటారు. బాగా వాడి అరిగిన డ్రైవైతే గోడలు ముందే బీటలువారి ఉంటాయి.

అందుకే రాబోయే డ్రైవు గురించి నా జోస్యం వేరు. పెద్దదవుతుంది, అందులో అనుమానం లేదు. చవకవుతుందా అంటే చెప్పలేను. ఆలోచించే యంత్రాల కోసం ఎక్కడెక్కడో గోడౌన్లు కట్టేవాళ్లు సరుకంతా ముందే ఎత్తుకుపోతున్నారట, దిగుతుందనుకున్న రేటు పైకి ఎక్కి కూర్చుంది. మతిమరుపు మాత్రం పెరుగుతుంది. దాన్ని కప్పిపెట్టడానికి పక్కన ఇంకా తెలివైన చిప్పు పెడతారు. మనుషుల్లోనూ పెద్ద ఉద్యోగాలలో ఉన్నవాళ్ల పద్ధతి ఇదే కదా.

ఆ రోజు కూడా ఈ కబుర్లలోనే ఉండగా ఒకమ్మాయి మెట్లెక్కి వచ్చింది. ముప్పై లోపు వయసు. ఆమె వెనక, మెడ చుట్టూ తువ్వాలు కప్పుకున్న పెద్దాయన. ఆయన్ని చూసి నా స్నేహితుడు చటుక్కున కుర్చీలోంచి లేచాడు. నా అంగడిలో వాడు లేవడం అదే మొదటిసారి.

ఆయన మావాడి ఊళ్లో భారతం చెప్పే కథకుడు. మా వైపు ఎండాకాలంలో ఊరూరా ద్రౌపదమ్మ కొలువున్న ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరుగుతుంది. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి నాటకం. ఆయన చిరతలు పట్టుకుంటే గొడ్లు కాసేవాళ్లు గొడ్లను మరిచిపోయేవాళ్లని నా స్నేహితుడు చెబుతూ ఉండేవాడు. గొంతులో ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు ఆయన నోట్లోంచి గాలి వస్తుంది, మాట రాదు.

అమ్మాయి ఆయన కూతురు. నిలబడే చెప్పింది.

"అన్నా, ఈ ఎండాకాలం మా ఊర్లో మళ్ల భారతం పెడతా ఉండారు. నన్నే కథ చెప్పమన్నారు. అంతా వచ్చు. తపసుమాను రోజుది రాదు."

తపసుమాను అంటే అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేసే రోజు. ఆకాశమంత పొడుగు మాను నాటుతారు, వేషగాడు ఒక్కో మెట్టూ పద్యం పాడుతూ ఎక్కుతాడు. పిల్లలు లేని ఆడవాళ్లు మొక్కుకుని తడిగుడ్డలతో కింద వరసగా పడుకుంటారు. ఆ పద్యాలకు ముందూ వెనకా కథకుడు అందుకుని పాడే ఒక వరస ఉంటుంది, దాన్ని పట్టు అంటారు. వాళ్ల పరంపరలో దాన్ని అన్నిటికన్నా చివర్న నేర్పడం ఆనవాయితీ. ఆ చివర వచ్చేలోగా ఆయన గొంతు పోయింది.

"నువ్వు తీసిన వీడియో ఉండాది కదన్నా. అది సూసి నేర్చుకుంటా," అంది నా స్నేహితుడితో.

వాడు నా అద్దాల బీరువా వైపు చూశాడు.

"కెమెరా కార్డుల్లో ఉండేది చెరిపేసినా మే. డ్రైవు ఒకటే. ఇంకోదాన్లో ఎక్కిద్దామనే అనుకున్నా…"

"అనుకోని?"

ఎందుకు ఎక్కించలేదో నాకు తెలుసు. కొత్తది వస్తుందని ఆగాడు. నాకు వాణ్ణి ఆడుకోవడానికి అంతకన్నా మంచి అదను ఎప్పుడూ దొరకలేదు. దాన్ని వదిలేశాను.

"ఆ డ్రైవు యాడుంది?" అన్నాను.

"అమ్మవారి పెట్టెలో."

ఊరి భారతాన్ని మొత్తం వీడియో తీయించింది గుడి పెద్ద. తీసిచ్చాక ఆయన అన్నాడట, ఈ కథ ద్రౌపదమ్మది, అమ్మ నగలతోపాటు అమ్మ పెట్టెలోనే ఉండాలని. పసుపు గుడ్డలో చుట్టి, పచ్చకర్పూరం పెట్టి, కాసులపేరు పక్కన పడుకోబెట్టారు. బంగారాన్ని ఎంత భద్రంగా దాస్తే అంత మంచిది, నిజమే. పెట్టె తెరిచేది భారతం మొదలై జెండా ఎక్కిన రోజే. ఆ తర్వాత రోడ్డు వెడల్పు చేయడంలో భారతం జరిగే జాగా, భారతం మిట్ట, పోయింది. కొత్త జాగా కుదిరేదాకా ఏళ్ల తరబడి భారతం జరగలేదు, పెట్టె తెరవలేదు. అది కొత్త డ్రైవు కూడా కాదు. మావాడు పెళ్లిళ్లు ఎడిటింగ్ చేసి చేసి అరగదీసినది.

నేను గదులూ గోడలూ జారుకునే జనమూ చెప్పాను. అమ్మాయి శ్రద్ధగా విన్నది. విని ఒకే మాట అడిగింది.

"అయితే నాయన గొంతు దాన్లో ఉన్నట్టా, లేనట్టా?"

"కరెంటు ఇస్తేనే తెలిసేది."

"జెండా ఎక్కినాక తీస్తే నాకు నేర్చుకునేదానికి యాడుంటాది టైము? ఇప్పుడే తీయల్ల."

పెద్దాయన కూతురి భుజం మీద చెయ్యి వేసి వద్దన్నట్టు తల ఊపాడు. ఆనవాయితీ తప్పడం ఆయనకు ఇష్టం లేదు. ఆమె ఆ చేతిని తీయలేదు, ఆయన మాట వినలేదు.

మర్నాడు పొద్దున్నే బండెక్కి వాళ్ల ఊరికి పోయాం. గుడి పెద్ద తెల్లమీసాల రైతు, మామిడి తోటలోంచి నేరుగా వచ్చాడు. అంతా విని నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏమప్పా, దాన్లో ఉండే కథ ఆవిరైపోతాదా? మూత పెట్టిందే గదా."

"మూత పెట్టినందుకే పోతాది పెద్దాయనా. అది నగ గాదు, మేక. అప్పుడప్పుడన్నా మేత పెట్టల్ల."

ఆయనకు నవ్వు రాలేదు. "అమ్మని అడగల్ల," అన్నాడు.

మా వైపు అడగడమంటే పువ్వు పెట్టడం. అమ్మవారి రెండు భుజాల మీదా తడిపువ్వులు అంటించి కూర్చుంటారు. కుడివైపుది రాలితే సరే అన్నట్టు, ఎడమవైపుది రాలితే వద్దన్నట్టు. పువ్వులు పెట్టారు, కూర్చున్నాం. మధ్యాహ్నం ఎండ గుడి మెట్ల మీదికి ఎక్కింది. కథకుడు కళ్లు మూసుకున్నాడు. అమ్మాయి కళ్లు ఆర్పకుండా కుడి భుజాన్నే చూస్తోంది. కాసేపటికి నా స్నేహితుడు చెవిలో గొణిగాడు.

"మచ్చా, ఆ మూల టేబుల్ ఫ్యాన్ ఉండాది."

"నోరు మూసుకో."

"కుడిపక్కకే తిప్పుదాం రా."

"నిన్ను తిప్పుతా నేను."

గుడి పెద్ద తల తిప్పకుండానే, "నాకు చెవులు బాగా పని చేస్తాయి అబ్బయ్యా," అన్నాడు. ఇద్దరం బడిపిల్లల్లా చేతులు కట్టుకున్నాం.

నాకు దేవుడి మీద భక్తి ఉందా అంటే, అవసరాన్ని బట్టి. కానీ ఆ రోజు అక్కడ కూర్చుని, పెట్టె లోపల ఇంకా ఎంత మిగిలుందో తెలియక, ఒక తడిపువ్వు కోసం ఎదురుచూడటంలో నాకు నవ్వులాట ఏమీ కనిపించలేదు. ఫ్యాక్టరీలో డ్రైవు తయారుచేసినవాణ్ణి తెచ్చి అక్కడ కూర్చోబెట్టినా ఉందా పోయిందా అన్నది చెప్పలేడు. అతనూ మాతోపాటు ఆ భుజాన్నే చూస్తాడు.

కుడివైపు పువ్వు రాలింది. చప్పుడేమీ కాలేదు. అమ్మాయి మాత్రం ఉలిక్కిపడింది.

గుడి పెద్ద స్నానం చేసి వచ్చి పెట్టె తెరిచాడు. పసుపు గుడ్డ విప్పి డ్రైవును రెండు చేతులా నాకిచ్చాడు. "గుడి దాటి పోగూడదు. ఏం చేసినా ఈడనే," అన్నాడు. మంటపంలో చాప వేసుకుని ల్యాప్‌టాప్ తెరిచాను. డ్రైవు ఒళ్లంతా కర్పూరం వాసన.

తగిలించాను. చాలాసేపు ఏమీ కనబడలేదు. తర్వాత పేరు కనిపించింది, రోజువారీగా ఫైళ్లు కనిపించాయి. పేర్లు కనిపించినంత మాత్రాన లోపల మనుషులున్నట్టు కాదు. ముందు తపసుమాను రోజునే కాపీ పెట్టాను, ఎందుకంటే ఏది ఆఖరి ఊపిరో తెలియదు. కొంచెం నడిచి ఆగింది. మళ్లీ నడిచింది. చదవలేని చోటును వదిలేసి ముందుకు పోయే పద్ధతి ఒకటుంది, అది పెట్టాను. డ్రైవు వేడెక్కింది, తడిగుడ్డ పక్కన పెట్టి విసనకర్రతో విసిరాం. పొద్దు వాలేసరికి ఆ ఒక్క ఫైలు బయటపడింది.

ఆడించాను. భారతం మిట్ట కనబడింది, ఇప్పుడు లేని మిట్ట. జనం. మాను. చిరతలు పైకెత్తి నిలబడిన ఆయన. ఆ గొంతు మంటపంలో మోగగానే అమ్మాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె పక్కన ఆయన, తెరలో ఉన్నవాణ్ణి ఎవరో చుట్టాన్ని చూసినట్టు చూస్తూ, మోకాలి మీద తాళం వేయసాగాడు.

అర్జునుడు సగం మాను ఎక్కాడు. కథకుడు పట్టు అందుకున్నాడు. అక్కడే బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరి నిలిచిపోయింది. గొంతు తెగిపోయింది.

అమ్మాయి నావైపు చూసింది. నా స్నేహితుడు తల దించుకున్నాడు. మూడోసారి చదివించినా, నాలుగోసారి చదివించినా అక్కడ అంతే. ఆ గదుల్లో జనం జారిపోయారు, ఇక ఏ దారిన పిలిచినా రారు. ఆ మాట ఆమెకు చెప్పాల్సినవాణ్ణి నేనే. ఏ హాస్యమూ తోడు రాలేదు.

"ఆ కొంచెం పోయింది తల్లీ," అన్నాను.

అప్పుడు అమ్మాయి తండ్రి నా మోచేయి తట్టాడు. మళ్లీ పెట్టమని సైగ. పెట్టాను. గొంతు తెగిపోయిన చోట ఆయన చెయ్యి ఆగలేదు. చప్పుడు లేని ఆ ఖాళీలో, చెదిరిన గళ్లనే చూస్తూ, మోకాలి మీద తాళం వేస్తూనే పోయాడు. ఖాళీ అయిపోయి తెరమీద తన గొంతు తిరిగి అందుకున్న క్షణానికి ఆయన చెయ్యి సరిగ్గా తాళం మీద పడింది. గుడి పెద్ద గట్టిగా ఊపిరి పీల్చాడు.

అమ్మాయికి నాకన్నా ముందు అర్థమైంది. చాప మీద ఆయనకు ఎదురుగా జరిగింది.

"నాయనా, ఆడ మాటలు నాకు తెలుసు. గొంతు ఉన్నప్పుడు నువ్వు ఇంట్లో గొణుక్కునేది విన్నా. బాణీనే తెలీదు. పాడతా, తప్పయితే చెప్పు."

అందుకుంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంకోరకంగా అందుకుంది. మళ్లీ అడ్డంగానే. అరచేతిని పైకెత్తి చూపించాడు, ఇంకా పైనుంచి అని. ఆమె గొంతు అక్కడికి పోలేక బీటలువారింది. ఆయన నీళ్ల చెంబు ఆమెవైపు తోశాడు. నా స్నేహితుడు సంచిలోంచి కెమెరా తీసి, ఎవరినీ అడగకుండా, వాళ్లిద్దరి ముందు పెట్టాడు. నేను మిగతా రోజుల ఫైళ్లు ఒక్కొక్కటిగా అంగడి నుంచి తెచ్చిన కొత్త డ్రైవులోకి లాగుతూ కూర్చున్నాను. కొన్ని నిండుగా వచ్చాయి, కొన్ని చిల్లులతో వచ్చాయి.

ఎన్నోసారో, ఆమె ఆ వరస అందుకున్నప్పుడు ఆయన తల అడ్డంగా ఊపలేదు. చూపుడు వేలు గాల్లో చిన్నగా తిప్పాడు, తర్వాతది అన్నట్టు. ఇంటికి పోదామని లేచిన గుడి పెద్ద మళ్లీ కూర్చున్నాడు.