ఆ గొంతు ఎవరిది?

అరవైల మొదట్లో, నాకింకా పెళ్లికాని రోజుల్లో, బోగోలులో మేం వేసిన క్రిస్మస్ నాటకానికి జిల్లా అంతా తరలివచ్చింది. సరే, మా పేట, పక్క పేట వచ్చాయి.

అందులో ఓట్ల కోసం వచ్చే నాయకుడి పాత్రకు నటుడు దొరకలేదు. చర్చిలో పాటలు పట్టే టేపురికార్డరు అడిగి తెచ్చి, ఆ ఏడు మొదట్లో ఎన్నికల సభలో ఒక నాయకుడి ప్రసంగం పట్టి పెట్టుకున్నాను. తెర వెనక నుంచి అదే వినిపించాం. ఎన్నికల్లో గెలిచిన ఆ నాయకుడే ఆ రోజు ముందు వరసలో ఉన్నాడు! "జువ్వలదిన్నెకు రోడ్డు వేయిస్తా" అని టేపు మోగగానే లేచాడు.

"ఆపండ్రా! అది నా గొంతు. నన్నడక్కుండా నాటకంలో ఎట్టా పెట్టినారు? కేసు పెడతా! ఆ మిషను స్టేషనుకు పంపిస్తా!"

చర్చి టేపురికార్డరు పోతే నన్ను ఊళ్లో ఉండనివ్వరు. ఛాతీ విరుచుకుని ఎదురు నిలిచాను. నిజం చెప్పాలంటే, తెర వెనక్కి దూరాను. ఎదురు నిలిచింది జువ్వలదిన్నె నుంచి చేపలు తెచ్చే మరియమ్మక్క.

"అయ్యా, ఆ మాటలు మీవేనా?"

"నావి గాక ఎవరివి?"

"అందరి ముందరా ఒప్పుకున్నారు గదా. మరి రోడ్డు ఎప్పుడేస్తారు? తట్ట నెత్తిన పెట్టుకోని ఇసకలో నడవలేక చస్తా ఉండా!"

జనం విరగబడి నవ్వారు. నాయకుడు కండువా సర్దుకుని నా దగ్గరికొచ్చాడు.

"అబ్బాయ్, టేపు వాడుకోండి. ఆ గొంతు నాది కాదని మాత్రం చెప్పు."

సొంత మాటను అంత తొందరగా వదులుకున్న మనిషిని మళ్లీ చూడలేదు. చూశాను లెండి, ప్రతి ఎన్నికల్లోనూ.