ఆఖరి బ్యూరెట్ కడిగేదాకా

నిన్న సాయంత్రం ట్యూషన్ నుంచి వచ్చిన నా కూతురు పెరట్లో కాళ్ళు కడుక్కుని, కొళాయి కట్టేయడం మరిచి, పారుతున్న నీళ్ళను చూస్తూ నిలబడిపోయింది. కడపలో ఎండలు ముదిరాక చెంబెడు నీళ్ళు పారబోసినా తమ్ముడి మీద అరిచే పిల్ల. ఏమైందని అడిగితే, "ఏం లేదుమా, రేపట్నుంచి ట్యూషన్ మానుకుంటా, లెక్కలు నేనే చేసుకుంటాలే" అంది. లెక్కలంటే అన్నం కూడా మరిచిపోయే పిల్ల నోట ఆ మాట వినగానే వెళ్ళి కొళాయి నేనే కట్టేశాను.

ఇంకేమీ అడగలేకపోయాను. వాళ్ళ నాన్న పని మీద బద్వేలు వెళ్ళి ఉన్నారు. రాత్రి పడుకున్నాను, లేచాను, వేసిన గడియే మళ్ళీ చూశాను, పిల్లలిద్దరి మీదా దుప్పటి సర్దాను, ఆ ఉక్కలో దుప్పటెందుకని తీసేశాను. కళ్ళు మూస్తే చాలు, కర్నూల్లో నేను డిగ్రీ చదివిన కాలేజీ కెమిస్ట్రీ ల్యాబు కనబడింది. హాస్టళ్ళలో ఉండి చదువుకున్న నా ఈడు వాళ్ళకు ఈ సంగతి కొత్తగా ఉండకపోవచ్చు. అయినా ఈ రోజు రాయకుండా ఉండలేకపోతున్నాను.

హాస్టల్లో నా గదిలో ఉండిన అమ్మాయిది కోసిగి దగ్గర పల్లె. వానల్లేని ఏడు వాళ్ళ ఊరు ఊరంతా ఇళ్ళకు తాళాలేసి గుంటూరు వైపు మిరప కోతలకు పోయేది, ఆ పిల్ల మాత్రం పుస్తకాలతో కర్నూల్లో ఉండేది. ల్యాబులో ఆమె చెయ్యి ఎంత నిదానమంటే, బ్యూరెట్ అనే ఆ పొడవాటి గాజు గొట్టంలోంచి మేమంతా గడగడా వదిలేసి రంగు ముదిరిపోయాక నాలుక కరుచుకుంటుంటే, ఆమె బొట్టు బొట్టుగా వదిలి, లేత గులాబీ రంగు తేలగానే ఆపేసేది. అలాంటి పిల్లను ల్యాబు చూసుకునే డెమాన్‌స్ట్రేటరు, రీడింగు తప్పొచ్చింది మళ్ళీ చెయ్యమని, అందరం వెళ్ళిపోయాక ఆపడం మొదలుపెట్టాడు. తప్పులు చేసే మమ్మల్ని వదిలేసి తప్పు చెయ్యనిదాన్ని ఎందుకు ఆపుతున్నాడని వరండాలో నడుస్తూ నడుస్తూ ఆగిపోయాను. వెనక్కి వెళ్ళేసరికి ఆమె ల్యాబు గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది, జాకెట్టు చెయ్యి చిరిగి ఉంది, అడిగితే ఏం లేదంది.

ఆ ఏం లేదన్న మాట వెనక ఏదో ఉందని ఒప్పుకోవడానికి ఆమెకు చాలా రోజులు పట్టింది. అప్పటికీ భయపడింది ఆ డెమాన్‌స్ట్రేటరుకు కాదు. "నాయనకు తెలిస్తే మూట కట్టమంటాడు మే. మిరప చేలకు పోయినోళ్ళు మళ్ళా కాలేజీకి వచ్చింది యాడన్నా చూసినావా?" అంది. ఆమెకు ఉన్నదల్లా ఆ చదువే, అది పోతే ఇంకేమీ లేదు.

ఫిర్యాదుల పెట్టె ఒకటి ప్రిన్సిపాలు గది పక్కన ఉండేది, తాళం తుప్పు పట్టి, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియకుండా. ఆమెను ఒప్పించి మేం కొందరం మా లెక్చరరు మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళాం. మంచిమనిషి, పిల్ల చెయ్యి పట్టుకుని అంతా విన్నారు, వెళ్ళి ప్రిన్సిపాలుకు చెప్పారు. కానీ మా కాలేజీలో ఆడపిల్ల ఏం చెప్పినా ముందు ఇంటికి ఫోన్ చెయ్యడం ఆనవాయితీ. ఆ పిల్ల వద్దని ఏడుస్తున్నా ఆఫీసు వాళ్ళు చేసేశారు. కాలేజీలో చేరేటప్పుడు ఆమె రాసిచ్చిన నంబరు ఇంటిది కాదు, నాయనకు ఫోనే లేదు. అది కూలీలను తీసుకెళ్ళిన మేస్త్రిది. ఆఫీసాయన ఎవరు మాట్లాడుతున్నారో కూడా అడక్కుండా సంగతంతా చెప్పి, పిల్లను ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. అన్నాల వేళకు మిరప చేనంతా తెలిసిపోయింది.

ఆ కబురు విన్న నా స్నేహితురాలు ఏడవలేదు. పెట్టె సర్దుకుంది. నా దుప్పటి కూడా మడతపెట్టింది.

తండ్రి వస్తాడనుకుంటే తల్లి వచ్చింది, కూలి ముఠాలోని ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి, రైల్లో డోన్ దాకా, అక్కణ్ణించి బస్సులో. వేళ్ళ సందుల్లో ఇంకా మిరప ఘాటు. హాస్టలుకు కూడా రాకుండా నేరుగా ప్రిన్సిపాలు గదిలోకి నడిచింది, వెనకాలే మేం.

"ఏమప్పా, పిల్లను ఇంటికి తోలుకపొమ్మన్నారంట. ఇంట్లో ఎవరుండారప్పా? తాళమేసి పోయినాము."

ప్రిన్సిపాలు, అమ్మా అది పిల్ల మంచికే, కొన్నాళ్ళు ఇక్కడ లేకపోతే గొడవ సద్దుమణుగుతుందని ఏదో చెప్పబోయారు.

"మంచికైతే ఆ సారును తోలండి, ఆయప్పకు ఇల్లుండాది కదా!" అంది వెంట వచ్చినామె. ఫైళ్ళు పట్టుకుని నిలబడ్డ అటెండరు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు.

తల్లి మాత్రం నవ్వలేదు. "నా బిడ్డ ఈడనే ఉంటాది. శానా దూరం నుంచి వచ్చినా. పోలీసు స్టేషను యాడుండాదో చెప్పు, పోతాము" అంది. వచ్చినప్పటి నుంచీ నేల చూస్తూ నిలబడ్డ కూతురు అప్పుడు తలెత్తి తల్లిని చూసింది.

మేడమ్ కూడా వాళ్ళ వెంట స్టేషనుకు వెళ్ళారు. ల్యాబులో ఒక్కదానివే ఎందుకున్నావని అక్కడ పిల్లనే అడిగారట. ఆరోజు నుంచి మా బ్యాచిలో ఒక పద్ధతి పెట్టుకున్నాం, ఆఖరి అమ్మాయి ఆఖరి బ్యూరెట్ కడిగేదాకా ఎవ్వరం ల్యాబు వదిలేవాళ్ళం కాదు. మెస్సులో సాంబారు అయిపోయినా సరే, చల్లారిన అన్నం మజ్జిగతో తిని పడుకునేవాళ్ళం. ఆమె రాత్రిళ్ళు ఉలిక్కిపడితే ఎవరో ఒకరం దీపం వేసి కూర్చునేవాళ్ళం. ఆమె డిగ్రీ పూర్తయింది. ఆ డెమాన్‌స్ట్రేటరు కొన్నాళ్ళకు మా ల్యాబులో కనబడలేదు, వేరే ఊరికి మార్చారని విన్నాం. అప్పుడు సంతోషపడ్డాను. పిల్లల తల్లినయ్యాక మాత్రం, ఆ వేరే ఊళ్ళోనూ ల్యాబుంటుంది కదా, అక్కడ వెనక్కి తిరిగి వచ్చి చూసిన వాళ్ళున్నారో లేదోనని ఉండుండి ఆలోచిస్తాను.

ఇప్పుడు కాలేజీల్లో గోడ గోడకూ సాయం కోసం ఫోన్ నంబర్లున్నాయి, కమిటీలున్నాయి, అమ్మాయిల చేతుల్లో సెల్లులున్నాయి. మాకు లేనివన్నీ ఉన్నాయి. ఒకరి కోసం ఇంకొకరు అన్నం చల్లార్చుకునే తీరికే ఎక్కడో జారిపోయింది. మొన్న మా వీధిలో ఒకమ్మాయి ఫిర్యాదు చేస్తే, వాళ్ళ ఇంట్లో వాళ్ళు ఆమెనే కాలేజీ మాన్పించారు.

ఈ పొద్దున దోసెలు పోస్తూ, కూతురు వైపు చూడకుండా, చెప్పినందుకు నీ చదువేమీ ఆపనని మాత్రం అన్నాను. ప్లేటులోకి చూస్తూ చెప్పింది. ట్యూషను పిల్లల్ని ఇళ్ళ దగ్గర దించే ఆటో అతను దగ్గరి దారి వదిలేసి అందర్నీ దించాక తనను ఆఖరున దించుతున్నాడట, ముందు సీట్లోకి వచ్చి పక్కన కూర్చోమంటున్నాడట, నిన్న చెయ్యి పట్టుకున్నాడట. ట్యూషనూ వద్దు ఏమీ వద్దు, ఇంట్లోనే ఉండు తల్లీ అన్న మాట నా గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగి, పొయ్యి ఆపి, ఇద్దర్నీ దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను.

"నువ్వు ఈ రోజు కూడా ట్యూషనుకు పోతావు, నేను తోడొస్తా. మానుకోవాల్సింది ఆ ఆటో అతను, నువ్వు కాదు. మన వీధి మానుకుని ఇంకో వీధి పిల్లల్ని ఎక్కించుకుంటే సరిపోదు, అందుకే స్టేషనుకు పోవాల. కానీ ముందు నువ్వు చెప్పు తల్లీ, ఈ సంగతి నేను ఎవరెవరితో చెప్పొచ్చు? నాన్నతో చెప్పనా? తమ్ముడూ, నువ్వూ విను. రేపు నీకేమైనా అయితే నిన్నూ ఇట్లే అడుగుతా."