గడ్డి దిగువ నుంచే కోయాలి

కోత పైనుంచి మొదలుపెట్టినందుకే ఆ పాము మా ఇంట్లోకి వచ్చిందా... లేక ఎలాగైనా వచ్చేదేనా? ఇన్నేళ్ళయినా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

మా చిన్నప్పుడు... పెదబయలు దగ్గర మా కాఫీ తోట కొండవాలు మీద ఉండేది. పైన అడవి, కింద మా ఇళ్ళు. వానలు పడ్డాక తోటలో గడ్డి నా నడుమెత్తు లేచేది. ఒకరి తోటకు ఒకరు సాయం వచ్చేవాళ్ళు... చేతుల్లో కొడవళ్ళు, నెత్తిన వానకు ఆకుల గిడుగులు, చెట్టు కింద అంబలి కుండ.

కోతకు ఒక పద్ధతి ఉండేది. ఇళ్ళ వైపున వరసగా నిలబడి, కర్రతో తట్టుకుంటూ, పైకి కోసుకుంటూ పోవాలి. గడ్డిలో ఉన్న పురుగూ పుట్రా మనకన్నా ముందే అడవిలోకి తప్పుకుంటాయని.

ఒక ఏడు వాన ముంచుకొస్తోందని మా చిన్నాన్న పైనుంచి కోస్తూ దిగాడు. కింద నుంచి నాయనమ్మ ఒకటే కేకలు.

"ఒరే, ఏటి సేత్తన్నావురా? దిగువన ఇళ్ళున్నాయని తెల్దా?"

"పాముకి కూడా మనమే దారి సూపించాలేటమ్మా?"

అందరూ నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. "దానికి దారి తెలుసురా. తెలీనిది నీకే."

ఆ సాయంత్రం పొయ్యి పక్క కట్టెల్లో నాగుపాము... దాని ముందే పాకుతున్న మా తమ్ముడు. నాయనమ్మ వాణ్ణి రెక్క పట్టుకుని లాగేసింది. ఎవరికీ ఏమీ కాలేదు... కానీ పచ్చిగడ్డి వాసన తగిలితే చాలు, నా చూపు ఇప్పటికీ ముందు కాళ్ళ దగ్గరికే పోతుంది.

ఆ తమ్ముడే ఇప్పుడు తోట చూసుకుంటున్నాడు. నేను విశాఖలో పాఠాలు చెప్పుకుంటున్నాను. సాయానికి వచ్చే మనుషులు పట్నాల్లో పనులకు పోయారు. కొన్నేళ్ళు అద్దెకు తెచ్చిన గడ్డి మిషను నడిచింది. పోయిన ఏడు దాని కింద నుంచి రాయి ఎగిరి మరదలి కంటి పైన తగిలింది. అప్పట్నుంచి ఆమె మిషను పేరెత్తనివ్వదు.

నిన్న తమ్ముడు ఫోను చేశాడు.

"అక్కా, గడ్డి మందు కొట్టీమంటావా, వద్దంటావా? తోటలోంచి మా పిల్ల గుంట బడికెళ్ళే దారి అవుపించట్లేదు. మొన్న దారి మీదే పాముని సూసిందట."

"దారి వరకైనా కొడవలితో కోయలేవురా?"

"కోసినాను. వారం తిరక్కుండా మళ్ళీ లేసిపోనాది. రెండుపక్కలా అడివైపోతే దారొక్కటీ కోసి ఏటి సేత్తాం?"

"మరి ఊట?" అన్నాను. తోట కిందే ఊట. ఊరంతా ఆ నీళ్ళే తాగుతుంది.

"అది తెలీకనా నిన్నడుగుతున్నాను? తోట ఇద్దరిదీ కదా. సదూకున్నదానివి... బేగి సెప్పు."

రేపు చెబుతానన్నాను. ఆ రేపు ఇవాళే.

వద్దంటే నా మేనకోడలు నడిచే దారి గురించి భయం. సరే అంటే అదే పిల్ల తాగే నీళ్ళ గురించి భయం. అప్పట్లో గడ్డి లేస్తే ఊరు ఊరంతా కదిలేది... తప్పు చేసినా అరిచి చెప్పేవాళ్ళుండేవారు. ఇప్పుడు ఫోనులో నా ఒక్క మాట కోసం చూస్తున్నారు.

మీ వైపు కొండవాలు మీద గడ్డి ఎలా తీస్తున్నారు? కింద ఊట ఉన్నవాళ్ళయితే తప్పకుండా చెప్పండి... నేనింకా ఏదీ తేల్చుకోలేకపోతున్నాను.