బీరయ్య గోవికి కదిలిన తాండూరు

తాండూరు జాతర పందిట్లో ఒకప్పుడు జరిగిన రభసకు కారణం ఎవరని ఆ ఊళ్లో ఏ ముసలాయనను అడిగినా, "ఎవడో వికారాబాద్ పంతులట" అంటాడు. ఆ ఎవడో నేనే. ఇన్నేళ్లూ నోరు మూసుకుని ఉన్నాను. ఇవాళ చెప్పేస్తాను. కడుపుబ్బ నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. చివర్లో క్షమాపణ చెప్పుకోమని మాత్రం అడక్కండి. చెప్పను.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు. పేరున్న మేళం వాయిస్తుంటే నిద్రొస్తుంది. ఎవరూ వినని మేళం ఏ మూలనో వాయిస్తుంటే చెవులు చాటలంతవుతాయి. పరిగిలో ముగ్గురంటే ముగ్గురే ఉన్న ఒక భజన బృందాన్ని రెండేళ్లు నెత్తిన పెట్టుకుని తిరిగాను. ఆ ముగ్గురిలో ఒకాయన గొంతు ఏడాది పొడుగునా జలుబు చేసినట్టే ఉండేది. అదే వాళ్ల ప్రత్యేకత అని కనబడ్డవాళ్లతోనల్లా వాదించాను. ఆ తర్వాత వాళ్లకు హైదరాబాదు నుంచి పిలుపులు రావడం మొదలైంది. మరుసటి వారమే వాళ్ల తాళాలు నాకు పగిలినట్టు వినిపించాయి. వదిలేశాను.

వికారాబాద్ స్టేషన్ ఎదుటి హోటల్లో నేను అడుగు పెట్టగానే జనం చాయ్‌ని సాసర్లో పోసుకుని గబగబా తాగేసి లేచిపోయేవాళ్లు. మా హెడ్మాస్టరుగారైతే ముఖం మీదే అడిగారు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా? వాయించెటోల్లకు లేని బాధ నీకెందుకు?"

"కంద నోరు తెరిచి చెప్పుకుంటలేదు సార్. అందుకే కత్తిపీట చెప్పవట్టింది" అన్నాను.

అరవై రెండో, అరవై మూడో, సంవత్సరం సరిగ్గా గుర్తులేదు. బంట్వారం పోయి వస్తుంటే దారిలో నా సైకిల్ పంక్చరయింది. పొద్దు వాలుతోంది. సైకిల్‌ని తిట్టుకుంటూ నడిపించుకొస్తుంటే గుట్ట దిక్కు నుంచి పిల్లనగోవి వినిపించింది. దాని వెనక రెండు డోళ్లు. సైకిల్ అక్కడే పడేసి రాయి మీద కూలబడ్డాను. ఆ పాట గురించి ఏం చెప్పను! నాకు అమ్మ గుర్తొచ్చింది. ఇల్లు గుర్తొచ్చింది. పంక్చరు గుర్తు లేదు.

గోవి వాయిస్తున్నది బీరయ్య. గొర్రెలు కాసే కురుమాయన, యాభై దాటినవాడు, భుజం మీద గొంగడి. డోళ్లు కొడుతున్నది ఆయన మేనల్లుళ్లు మల్లయ్య, నర్సయ్య. పాట సాగుతుంటే గుట్ట మీది గొర్రెలన్నీ ఒక్కొక్కటే దిగి వచ్చి దొడ్లోకి పోయాయి. అది నేను ఈ రెండు కళ్లతో చూశాను. చూసి ఏమనుకున్నాననుకున్నారు? సాయంత్రమైంది గనుక ఇంటికి పోతున్నాయి అనుకున్నాను. బీఏ చదివినవాడి తెలివి అలా ఉంటుంది.

"ఇదేం పాట బీరయ్యా?"

"మందను మళ్లేసే పాట సారు. మా తాత నుంచి వస్తున్నది."

"తాండూరు జాతరల మేళాల పోటీ ఉన్నది. వస్తరా?"

మేనల్లుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బీరయ్యే చెప్పాడు. "వీల్లు తాండూరు బండ గనికి పోతమంటున్నరు సారు. డోలు ఎవడు పిలుస్తడు, ఎన్నడు కొట్టాలె అంటున్నరు. పిలిచెటోల్లుంటె ఉంటరు. లేకుంటె గీ ఎండకాలంతోని మా మేళం అయిపాయె. ఒక్క గోవితోని నేనేం జేస్త?"

పోటీ గెలిచిన మేళాన్ని ప్రతి ఏడూ జాతరకు పిలుస్తారు. అంటే మేళం నిలుస్తుంది. నేను గుండె మీద చెయ్యేసుకుని అన్నాను: "గెలిపిచ్చే పూచీ నాది." ఇలా పూచీ పడేవాణ్ణి చూస్తే ఇప్పుడు నేను రోడ్డు దాటి అవతలి పక్క నడుస్తాను.

ఆ పోటీలో మూడేళ్లుగా గెలుస్తున్నది తాండూరు వాళ్ల బ్యాండే. పది మంది, పదిమందికీ గులాబీ రంగు కోట్లు, మిలమిలలాడే బాకాలు. వాళ్లు బాగా వాయిస్తారని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. కానీ వాళ్ల దగ్గర ఇంకో వాయిద్యం ఉంది. వాళ్ల గల్లీకి గల్లీ పందిట్లో ముందు వరసల్లో కూచునేది. వీళ్లు బాకా నోట్లో పెట్టుకోకముందే వాళ్లు ఈలలు, చప్పట్లు. వేరే మేళం వాయిస్తే దగ్గులు.

ఈ అన్యాయం చూస్తూ ఊరుకుంటానా! పోటీ పెద్ద, రిటైరైన తహసీల్దారు సాబ్ దగ్గరికి అర్జీ పట్టుకుపోయాను. అందులో కొత్త నియమం ఒకటి నేనే స్వయంగా, గుండ్రటి అక్షరాలతో రాశాను. 'ఏ మేళమైనా తమ ఊరి నుంచి వచ్చిన గుంపుతో సభలో గోల చేయిస్తే, ఆ మేళాన్ని పోటీ నుంచి తప్పించాలి. ఏ సాకులూ వినరాదు.'

తహసీల్దారు సాబ్ కళ్లద్దాలు సవరించుకుని చదివారు. "బహుత్ అచ్ఛా! 'ఏ సాకులూ వినరాదు.' మస్తుగ రాసినవు పంతులూ. మంజూర్."

నేను గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను. గులాబీ కోట్ల నడ్డి విరిచానని ఆ రాత్రి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

పోటీ రోజు వచ్చింది. పొద్దున పదిగంటలకే ఎండ మాడ్చేస్తోంది. పందిరి కిటకిటలాడుతోంది. నేను ముందు వరసలో, ఇస్త్రీ చొక్కాతో, పెళ్లికొడుకు మేనమామలా కూచున్నాను. గొర్రెల వాసన గుప్పున కొడుతుంటే బీరయ్య గొంగడిదనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఎందుకంటే ఆయన ఆ రోజు గొంగడి తేనే లేదు. లేచి పందిరి వెనక తడక అవతల ఏముందో ఒక్కసారి తొంగి చూసి ఉంటే ఈ కథే ఉండేది కాదు. అవతల ఉన్నది వారపు సంత. అందులోనూ గొర్రెలు, మేకలు అమ్మే జీవాల సంత.

గులాబీ కోట్లు వాయించారు. నియమం పుణ్యమా అని వాళ్ల గల్లీ నోట్లో చెంగులు కుక్కుకుని కూచుంది. ఆనందం పట్టలేకపోయాను.

తర్వాత బీరయ్య మేళం. మొదట ఒక కోలాటం పాట ఎత్తుకున్నాడు. జనం మాట్లాడుకోసాగారు. రెండోది ఎత్తుకున్నాడు. వెనక ఎవరో ఆవలించారు. ఆ ఆవలింత నా వీపులో బాకులా దిగింది. మేనల్లుళ్ల ముఖాల్లో బండ గని కనబడుతోంది. వేదిక దగ్గరికి పరుగెత్తాను.

"బీరయ్యా, గుట్ట కాడ వాయించిన పాట తియ్యి!"

"వద్దు సారు. గది ఈడ వాయించేది కాదు."

"ఎందుకు కాదు?"

"పొద్దు నెత్తి మీదున్నది. గిప్పుడు వాయిస్తె జీవాలు పరేషాన్ అయితయి."

"తాండూరు నడిబొడ్డుల జీవాలు ఏడున్నయి బీరయ్యా! ఉన్నయన్నీ మనుషులే."

"ఉన్నయి సారు, గా తడక..."

"ఫికర్ చెయ్యకు! ఏమన్నయితే నాది జిమ్మ!"

మనిషికి మాట పూర్తి చెయ్యనివ్వాలి. పిల్లలకు రోజూ నేనే చెప్పే నీతి అది.

బీరయ్య నిట్టూర్చి, కళ్లు మూసుకుని ఆ పాట ఎత్తుకున్నాడు. మాట్లాడుకుంటున్న జనం వేదిక వైపు తిరిగారు. ఆవలించినవాడి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. నేను గర్వంగా గులాబీ కోట్ల మాస్టరు వైపు చూశాను. ఆయన నా వైపు చూడటం లేదు. నా వెనక్కి చూస్తున్నాడు.

మొదట వచ్చింది ఒక్కటే, ముసలి పొట్టేలు. తడకను తలతో తోసుకుని వచ్చి వేదిక ముందు నిలబడి బీరయ్యను భక్తిగా చూసింది. జనం నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజుకు అదే నా ఆఖరి నవ్వు. దాని వెనక పది. పది వెనక యాభై. ఆ తర్వాత తడక లేదు. వెనక నుంచి బేరగాడు ఖాసిం భాయ్ అరుపులు: "నా మాల్! అయ్యో, బేరమైన మాల్!" గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. అబద్ధం. ఆ రోజు తాండూరులో గొర్రెలన్నీ కసాయివాణ్ణి వదిలి బీరయ్యను నమ్మాయి.

బెంచీలు బోర్లాపడ్డాయి. పంచెలు ఊడాయి. గులాబీ కోట్ల మాస్టరు పెద్ద డ్రమ్ము మీదికెక్కాడు. డ్రమ్ము మాత్రం ఆయన్ని ఎక్కువసేపు ఉంచుకోలేదు. ఒక మేక మార్కుల కాగితంలో సగం నమిలేసింది. గులాబీ కోట్ల మార్కులున్న సగం అదేనని నా నమ్మకం.

"ఆపు బీరయ్యా! ఆపు!" అని గొంతు చించుకున్నాను.

ఆయన ఊపిరి తీసుకునే సందులో అన్నాడు: "నడుమ ఆపొద్దు సారు. మంద చెదురుతది. ఆఖరిది వచ్చేదాంక వాయించాలె." మళ్లీ ఎత్తుకున్నాడు. మేనల్లుళ్లు ఇకిలిస్తూ ఇంకా గట్టిగా కొట్టారు.

ఆఖరిది కుంటిది. అది వచ్చేసరికి పావుగంట పట్టింది.

పాట ఆగాక తహసీల్దారు సాబ్ తానెక్కిన బల్ల మీద నుంచే నన్ను పిలిచారు. చుట్టూ గొర్రెలు. మోకాళ్ల లోతు గొర్రెల్లో ఈదుకుంటూ వెళ్లాను.

"పంతులూ, గీ మేళం ఏ ఊరిది?"

"బంట్వారం సాబ్."

"గీ గొర్ల వీపుల మీద ఎర్ర జాజు గుర్తున్నది. గది ఏ ఊరి గుర్తు?"

ముసలి పొట్టేలు సరిగ్గా అప్పుడే వీపు నావైపు తిప్పింది. "...బంట్వారం సాబ్."

"గుంపేనా?"

"గుంపే."

"గోల అయిందా, కాలేదా?"

"అయింది గానీ సాబ్, వాటిని ఎవలూ తేలేదు! అవంతట అవే వచ్చినయి!"

"పోయినేడు గులాబీ కోట్లోల్ల గల్లీ గూడ గిదే మాటన్నది. సరే, నియమం రాసింది ఎవలు?"

నేను పొట్టేలు వైపు చూశాను. ఆయనే జేబులోంచి నా అర్జీ తీసి, నా గుండ్రటి అక్షరాలను పందిరంతా వినేట్టు చదివారు. "ఏ సాకులూ వినరాదు."

బీరయ్య మేళం పోటీ నుంచి పోయింది.

పందిరి బయట బీరయ్య డోళ్ల పక్కన కూచుని ఉన్నాడు. ఏ ముఖం పెట్టుకుని ఆయన దగ్గరికి పోను? పోయాను. "నీ మేళాన్ని నేనే ముంచిన బీరయ్యా" అన్నాను. ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాను.

"ఏడువకు సారు. ముప్పై ఏండ్ల సంది వాయిస్తున్న. నా పాటకు గింత సభ ఎన్నడన్న వచ్చిందా?" అని నవ్వాడు.

అప్పుడే చేతికర్ర ఊపుకుంటూ ఒక ముసలాయన మా మీదికి వచ్చాడు. దౌల్తాబాద్ దిక్కు కురుమల పెద్ద. ఆయన గొర్రెలు కూడా ఈ మందలో కలిసిపోయాయట. కర్ర నా నెత్తి మీద పడటం ఖాయమని కళ్లు మూసుకున్నాను.

"గోవి ఊదింది ఎవలు?" అన్నాడు.

బీరయ్య లేచి నిలబడ్డాడు.

"నేను పుట్టినకాంచి పిలిస్తె రాని గొర్లు, ఊరు గాని ఊరోని పాటకు ఉరికినయి. మా బీరప్ప పండుగకు ఏటేటా నువ్వే రావాలె. డోళ్లు గూడ రావాలె. గోవి ఒక్కటే వస్తె ఒప్పుకోను."

నేను మేనల్లుళ్ల వైపు తిరిగాను. "గనికి ఎప్పుడు పోతున్రు?"

"ఏం గని సారు?" అన్నాడు మల్లయ్య, డోలు భుజానికెత్తుకుంటూ. "పండుగున్నది గద!"

ఆ పండుగ నుంచి ఇంకో పండుగ, ఆ ఊరి నుంచి ఇంకో ఊరు. వాళ్ల పేరు పెరిగాక నాకు ఆ గోవి కూడా శ్రుతి తప్పి వినబడిందా అని అడుగుతారు మీరు. లేదు. వికారాబాద్ హోటల్లో వాళ్ల పేరు ఒక్కరికీ తెలియదు. తెలిసింది కురుమల పల్లెలకూ, గొర్రెలకూ. నాకు అంతే కావాలి.

మరుసటి ఏడు జాతర కమిటీ వాళ్లు నా నియమంలో మూడు మాటలు కలిపారు. 'ఊరి నుంచి వచ్చిన గుంపు, అది మనుషులదైనా, జీవాలదైనా.' ఒక్క మేళాన్ని చూసి భయపడి రాసుకున్న నియమం అది. మూడేళ్లు గెలిచిన గులాబీ కోట్లకు ఉందా ఆ గౌరవం?

కాబట్టి పెద్దలారా, ఆ ముసలి పొట్టేలు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మరే పోటీకీ నియమం రాయను. మాట్లాడేవాడి మాట తుంచను. పందిరి వెనక ఏముందో చూడకుండా ఇస్త్రీ చొక్కా వేసుకోను. కానీ ఎవరూ వినని మేళం ఎక్కడన్నా ఉందని తెలిస్తే, ఈ వయసులోనూ సైకిలెక్కుతాను. తడక తీసిపెట్టండి.